అంబాజీపేట బోర్డులో వంకర మూల

"ఏవండీ, నా గంటు ఏమైందండీ?"

ఫోన్ ఎత్తగానే వినిపించిన మొదటి మాట అది. హలో లేదు, పేరు లేదు.

రాజోలులో తమ డాబా మీది గదిలో రెండు మానిటర్ల ముందు కూర్చున్న జాస్మిన్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

"ఎవరండీ మాట్లాడేది?"

"అంబాజీపేట నుంచి ఎబినేజర్‌నండీ. కొబ్బరి డ్రయర్ బోర్డు పంపించేను కదండీ మీకు. అందులో కుడివైపు ఒక గంటు ఉండాలి. మీరు తీసేసేరు."

జాస్మిన్‌కి గుర్తొచ్చింది. బెంగుళూరు కంపెనీకి ఇంటి నుంచే సర్క్యూట్ బోర్డులు గీసే ఉద్యోగం ఆమెది. ఈ పని మాత్రం స్నేహితురాలు మెర్సీ అడిగిందని విడిగా ఒప్పుకుంది. బోర్డు మీద ఎక్కువ కరెంటు నడవాల్సిన చోట వెడల్పుగా రాగి పొర ఉంటుంది. కంప్యూటర్లో అది ఎర్రగా నిండిన ఒక ఆకారంలా కనిపిస్తుంది. దాని మూలలు పట్టుకుని లాగి, అంచులు వంచి, కావలసిన రూపానికి తెచ్చుకోవాలి.

ఎబినేజర్ పంపిన ఆకారం చూసి ఆ రోజు ఆమెకి నవ్వొచ్చింది. ఎలుకలు కొరికిన అట్టముక్కలా ఉంది. ఎటు చూసినా మూలలే. కుడివైపు మధ్యలో లోపలికి పెద్ద గంటు. ఎవరో కొత్తవాళ్ళు మౌస్‌తో కుస్తీ పట్టారనుకుని, అన్నీ చెరిపేసి, చక్కటి దీర్ఘచతురస్రం చేసి పంపేసింది. కింద ఒక ముక్క కూడా రాసింది. 'కాస్త దువ్వి జడ వేశాను. ఇప్పుడు బావుంది.'

"ఆ గంటు అవసరం లేదనుకున్నానండీ" అంది జాస్మిన్.

"అవసరం లేకుండా ఎందుకు పెడతానండీ? బోర్డుని పెట్టెకి బిగించే ఇనప స్క్రూ వస్తుందక్కడ. దాని తల ఇప్పుడు రాగి మీద కూర్చుంది. స్విచ్ వేసేను. ఫ్యూజు టప్పుమంది. మా అమ్మ ప్రార్థన మొదలెట్టేసింది."

జాస్మిన్ పెదవి కొరుక్కుంది.

"నవ్వుతున్నారాండీ?"

"లేదండీ."

"వినపడుతోందండీ."

"అక్కడ స్క్రూ ఉందని మీరు ఫైల్లో ఎక్కడా చూపించలేదు కదండీ!"

"గంటు ఎందుకుందని మీరూ అడగలేదు కదండీ!"

ఇద్దరి మాటా నిజమే.

"పోనీ, తయారీకి పంపేముందు మీరొకసారి చూసుకోలేదా?" అంది జాస్మిన్, గొంతు తగ్గించి.

"చూసేనండీ. జడ బావుందనుకున్నాను."

ఈసారి నవ్వు ఆగలేదు. అటువైపు కూడా ఎవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడైంది.

"శనివారం నాకు సెలవండీ. నేనే వచ్చి చూస్తాను. పెట్టె చూడకుండా ఇంకోసారి ఏదీ ముట్టుకోను" అంది.

*

అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు రోడ్డుకి రెండువైపులా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి స్కూటీ నడుపుకుంటూ జాస్మిన్ షెడ్డు దగ్గరికి వచ్చేసరికి, గుమ్మంలో ఒకావిడ నడుముకి కొంగు బిగించి నిలబడి ఉంది. ఎబినేజర్ తల్లి సుందరమ్మ.

"నువ్వేనా అమ్మాయ్, మావాడి బోర్డుకి జడ వేసింది?"

జాస్మిన్ చెవులు ఎర్రబడ్డాయి. సుందరమ్మ వెనక, మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని, చేతులకి కొబ్బరి పీచు అంటుకున్న ఒక పొడుగాటి మనిషి నేల చూపులు చూస్తున్నాడు. ఫోన్లో అంత గట్టిగా మాట్లాడినవాడు ఎదురుగా నిలబడితే నోరు పెగల్లేదు.

సుందరమ్మే అంతా చెప్పింది. వానాకాలం వస్తే కొబ్బరి చిప్పలు ఎండవు, బూజు పట్టేస్తాయి. పొగ పెట్టి ఎండబెడితే నల్లబడతాయి. వేడిగాలితో ఎండబెట్టే పెట్టె ఒకటి తయారుచేస్తానని కొడుకు హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చాడు. వేడి పెరిగితే తగ్గించడానికి, తగ్గితే పెంచడానికి ఈ బోర్డు. పెట్టె ఆడితే చూసి తామూ కొంటామని చుట్టుపక్కల షెడ్లవాళ్ళు మాటిచ్చారు. ఆడకపోతే నవ్వడానికి కూడా వాళ్ళే సిద్ధంగా ఉన్నారు.

లోపల చెక్కబల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. జాస్మిన్ పెట్టె అంతా తిప్పి చూసింది. స్క్రూ వచ్చే చోట వేలు పెట్టింది. తర్వాత స్క్రీన్ మీద అతని పాత ఆకారం తెరిచింది.

"మీ గంటు న్యాయమే. కానీ ఇటు చూడండి. గంటు వల్ల ఈ పక్కన దారి ఎంత సన్నబడిపోయిందో. ఇంత కరెంటు ఈ సందులోంచి పోతే రాగి కాలిపోతుంది. నేను వంకర తీసి ఫ్యూజు పేల్చేను. మీ వంకర ఉంచినా బోర్డు మిగిలేది కాదు."

ఎబినేజర్ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నిజమేనండీ. అయితే ఇద్దరిదీ తప్పేనన్నమాట."

"మీది కాస్త ఎక్కువ."

"ఫ్యూజు పేలింది మీదానికేనండీ."

జాస్మిన్ అతని వైపు తిరిగింది. అతను నవ్వడం లేదు, కళ్ళజోడు వెనక కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"మౌస్ తీసుకోండి. నేను చెబుతాను, మీరు చెయ్యండి" అంది.

స్క్రూ చుట్టూ గుండ్రంగా రాగిని కత్తిరించి ఖాళీ వదిలేయాలి. కోల్పోయిన వెడల్పుకి బదులు అటువైపు అంచుని బయటికి ఉబ్బించాలి. అంచు మధ్య పట్టుకుని లాగితే అక్కడో కొత్త మూల పుడుతుందని, అదే అంచుని విల్లులా వంచొచ్చని అతనికి తెలియదు. ఒక్కో మూలా విడివిడిగా పెట్టుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. అందుకే ఎలుకలు కొరికినట్టు ఉంది.

"మెల్లగా లాగండి. ఇంకాస్త. అయ్యో, అటు కాదు."

చెబుతూ చెబుతూ జాస్మిన్ మౌస్ అందుకోబోయింది. అతని చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. ఎర్రటి ఆకారం ఒక్కసారి స్క్రీన్ దాటి ఎటో సాగిపోయింది. ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకున్నారు.

"జడ ఊడిపోయిందండీ" అన్నాడు ఎబినేజర్, స్క్రీన్ వైపే చూస్తూ.

*

కొత్త బోర్డు వచ్చింది, ఆడింది. పని అక్కడితో అయిపోవాలి. అవలేదు. ఫ్యాను చాలలేదని పెద్దది పెట్టారు, దానికి తగ్గట్టు రాగిని మళ్ళీ వెడల్పు చెయ్యాల్సి వచ్చింది. తర్వాత పెట్టె మారింది. ఫైళ్ళు అంబాజీపేటకీ రాజోలుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాయి.

ఎబినేజర్ త్వరగా నేర్చుకున్నాడు. అంచులు తిన్నగా వస్తున్నాయి, వంపులు మెత్తగా కుదురుతున్నాయి. ఎడమవైపు కింది మూల ఒక్కటే ప్రతిసారీ వంకరగా వచ్చేది. దాన్ని సరిచేసి జాస్మిన్ ఫోన్ చేసి చెప్పేది. మూల గురించి రెండు మాటలు, మిగతావన్నీ వేరే మాటలు. పొద్దున పడ్డ వాన, అమలాపురంలో బిర్యానీ, ఆమె తండ్రి సాలమోను మాస్టారు రిటైరయ్యాక కూడా ఇంట్లో గంట కొట్టినట్టే లేచి అందర్నీ లేపడం.

"ఎవరే ఆ అంబాజీపేట అబ్బాయి? మీ కంపెనీ మేనేజర్‌తో కూడా ఇంత మాట్లాడవు" అంది తల్లి హన్నా ఒకరోజు.

"పని మమ్మీ. మూల సరిగ్గా రావడం లేదు."

"ఇంకా ఎన్నాళ్ళు రాదేంటే ఆ మూల?"

జాస్మిన్‌కి కూడా అదే అనుమానం వచ్చింది. తర్వాతి ఫైలు రాగానే ఫోన్ చేసింది.

"ఏవండీ, మళ్ళీ ఆ మూలేనండీ."

"అయ్యో. మౌస్ జారిందండీ."

"పక్కనే అంత చక్కటి వంపు తీసినవాళ్ళకి ఇక్కడికొచ్చేసరికి జారిందా?"

జాస్మిన్ పాత ఫైళ్ళు కూడా తెరిచి చూసింది.

"ప్రతిసారీ ఇక్కడే జారుతుందాండీ?"

అటు నుంచి లారీ హారన్ వినిపించింది. తర్వాత తప్పు ఒప్పుకుంటున్న చిన్న గొంతు.

"ఆయ్."

జాస్మిన్ ఫోన్ బల్ల మీద బోర్లించి, రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వింది. కాసేపటికి తీసింది. అతను ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"మూల పాడుచెయ్యక్కర్లేదండీ. ఊరికే ఫోన్ చెయ్యొచ్చు."

"ఊరికే చేస్తే ఏం మాట్లాడాలో తెలీదండీ."

"మౌస్ ఎలా జారిందో చెబుదురుగాని."

ఆ తర్వాత ఊరికే ఫోన్లు మొదలయ్యాయి, ఆ మూల మాత్రం వంకరగానే వస్తూ ఉంది.

*

షెడ్లవాళ్ళంతా పెట్టెని చూడ్డానికి వస్తామన్న శనివారం పొద్దున ఎండ ఫెళ్ళున కాసింది. జాస్మిన్ ముందే వచ్చేసింది. సుందరమ్మ ఎండ పోనివ్వడం ఎందుకని వాకిలంతా సగానికి పైగా ఎండిన కొబ్బరి చిప్పలు పరిపించింది. పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని టీ తాగుతుండగా, కాలువ అవతల కొబ్బరితోటల మీద ఆకాశం నల్లబడింది.

"వానొచ్చేస్తోంది! ఎత్తండి, ఎత్తండి!" సుందరమ్మ కేక వేసింది.

పనివాళ్ళు గంపలు పట్టుకుని పరిగెత్తారు. ఎబినేజర్ వానకి కప్పే బరకం ఒక కొస పట్టుకుని రెండో కొస కోసం చుట్టూ చూశాడు. జాస్మిన్ చున్నీ నడుముకి చుట్టి రెండో కొస అందుకుంది. గాలికి బరకం తెరచాపలా లేచి ఇద్దర్నీ ఈడ్చింది. ఆమె చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. చినుకులు పెద్దవయ్యాయి. కప్పగలిగినంత కప్పి, మిగతావి దోసిళ్ళతో గంపల్లోకి ఎత్తారు.

అన్నీ లోపలికి చేరేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"సగం తడిసినట్టే. ఇక మీ పెట్టె సంగతి చూద్దాం అబ్బాయ్" అన్నాడు కుర్చీలోని పెద్దాయన ఒకడు.

తడి చిప్పలే అరల్లో పేర్చారు. ఎబినేజర్ స్విచ్ మీద వేలు పెట్టి జాస్మిన్ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఫ్యాను గుంయ్‌మంది. బయట వాన రేకుల మీద దరువేస్తుంటే లోపల వెచ్చటి కొబ్బరి వాసన మెల్లగా షెడ్డంతా పరుచుకుంది.

పెద్దమనుషులు భోజనాలు చేసి వచ్చారు. పెట్టె ఆడుతూనే ఉంది. సాయంత్రానికి సుందరమ్మ ఒక చిప్ప తీసి విరిచింది. టక్కున విరిగింది. లోపల తెల్లగా ఉంది. పెద్దాయన ముక్క నోట్లో వేసుకుని నమిలి, ఇంకో ముక్క కోసం చెయ్యి చాచాడు.

జాస్మిన్ అదేదీ చూడలేదు. పెట్టెని ఆపించి, పక్క తలుపు తీసి, రాగి ఉబ్బించిన చోట బోర్డు మీద వేలు ఆనించింది.

"కాలుతోందాండీ?" అన్నాడు ఎబినేజర్ వంగి.

"గోరువెచ్చగా ఉంది. మీరే చూడండి."

అతను వేలు ఆమె వేలి పక్కన పెట్టాడు. తలుపు అంత సందులో రెండు తలలు దగ్గరగా ఉన్నాయి. ఆమె నుదుటి మీంచి ఒక చెమటబొట్టు అతని మణికట్టు మీద పడింది. అతను తుడుచుకోలేదు.

*

ఆ తర్వాతి వారమే బెంగుళూరు నుంచి మాట వచ్చింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళంతా వచ్చే నెల నుంచి ఆఫీసుకి రావాలి.

శనివారం జాస్మిన్ ఆ సంగతి చెప్పినప్పుడు ఎబినేజర్ కొత్త పెట్టెకి స్క్రూలు బిగిస్తున్నాడు. బిగించడం ఆపలేదు.

"మంచిదే కదండీ. అక్కడైతే పెద్ద పెద్ద బోర్డులు చేస్తారు."

"అంతేనాండీ?"

"ఇంకేముందండీ?" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆమె వచ్చేసింది. ఆదివారం ఫోన్ రాలేదు. సోమవారం రాలేదు. వారం చివర్లో ఒక ఫైలు వచ్చింది. జాస్మిన్ ఆత్రంగా తెరిచింది. అంచులన్నీ తిన్నగా ఉన్నాయి. ఎడమవైపు కింది మూల కూడా చక్కగా ఉంది. ఎక్కడా ఒక్క వంకర లేదు. సరిచెయ్యడానికేమీ మిగల్లేదు.

ఆ ఫైలు చూస్తుంటే ఆమెకి ఏడుపొచ్చింది.

హన్నా టీ తెచ్చి బల్ల మీద పెట్టి, కూతురి ముఖం చూసి, స్క్రీన్ చూసింది.

"ఏమైందే? మూల మళ్ళీ రాలేదా?"

"వచ్చింది మమ్మీ. చాలా బాగా వచ్చింది."

హన్నా కాసేపు ఆమె తల నిమిరింది. "అయితే వెళ్ళి అడుగు, ఎందుకొచ్చిందో" అంది.

జాస్మిన్ వెంటనే వెళ్ళలేదు. ముందు మేనేజర్‌కి ఫోన్ చేసింది. ఆయనతో చాలాసేపు వాదించింది. ఆ తర్వాతే స్కూటీ తీసింది.

*

ఎబినేజర్ షెడ్డు వెనక కాలువ గట్టు మీద పాత పెట్టె రేకులు కడుగుతున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"ఫైల్లో ఏమైనా తప్పుందాండీ?"

"లేదండీ. అదే అడుగుదామని వచ్చేను. ఎందుకు లేదు?"

అతను తడిచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"నేను వెళ్తానన్నాను. మీరొక్క మాట, వెళ్ళొద్దని అంటారేమోనని చూసేను. మంచిదే అన్నారు. నిజంగా మంచిదనే అనుకున్నారా?"

"లేదండీ."

"మరి?"

ఎబినేజర్ కాలువ వైపు తిరిగాడు. పూడిక తీసే పడవ ఒకటి దూరంగా కదులుతోంది.

"మా నాన్న కువైట్లో డ్రైవరండీ. సెలవయ్యి వెళ్ళే ప్రతిసారీ నేను కాళ్ళు పట్టుకుని ఏడ్చేవాణ్ణి. ఓసారి నాకోసం ఆగిపోయేరు. అక్కడ ఉద్యోగం పోయింది. ఏడాదిపాటు ఇంట్లోనే ఉన్నారు. నాతో ఆడేవారు, బడికి దింపేవారు. నాకు పండగ. కానీ రాత్రయితే అరుగు మీద ఒక్కరే కూర్చునేవారు, ఎవరితో మాట్లాడకుండా. ఆయన్ని అలా చేసింది నేనే అనిపించేదండీ. మళ్ళీ వెళ్ళేరు. ఈసారి నేను ఏడవలేదు. అప్పట్నుంచి ఎవర్నీ వెళ్ళొద్దని అడగలేదండీ."

జాస్మిన్ కోపం ఎటు పోయిందో తెలియలేదు. గట్టు మీద అతనికి కాస్త దూరంలో కూర్చుంది. అతనూ కూర్చున్నాడు.

"మీరు అడగలేదు. అందుకని నేనే అడిగేను, మా మేనేజర్‌ని. నెలలో ఒక వారం అక్కడికి వెళ్తాను, మిగతా రోజులు ఇక్కణ్ణుంచే చేస్తాను. చాలాసేపు గింజుకున్నారు. ఒప్పుకున్నారు."

అతను గబుక్కున తిరిగాడు. "నా కోసమాండీ? వద్దండీ, రేపు మీరు..."

"మీ కోసం కాదండీ. ముందది తెలుసుకోండి. నా కోసం. నాకు ఇక్కడుండాలనుంది."

"ఇక్కడంటే రాజోల్లోనాండీ?"

జాస్మిన్ గడ్డిపరక ఒకటి తెంపి వేలికి చుట్టుకుంది. 

"అంబాజీపేటైనా పర్లేదు."

ఎబినేజర్‌కి ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఏవండీ, నాకు మాటలు రావండీ."

"తెలుసండీ."

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ. ఫ్యూజు పేలిన రోజు నుంచీ. ఆ రోజు ఫోన్లో మీరు నవ్వేరు చూడండీ, నాకు కోపం రావాల్సింది. రాలేదు."

"మాటలు బానే వస్తున్నాయే."

సన్నగా వాన మొదలైంది. ఇద్దరూ లేవలేదు. షెడ్డు వెనక తలుపులోంచి సుందరమ్మ గొంతు వినిపించింది.

"ఒరే ఎబీ! అమ్మాయ్‌ని తడిపేస్తావేంట్రా? లోపలికి రండి. పొడిగా కూర్చుని కూడా చెప్పుకోవచ్చు."

*

ఆ నెల ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక సుందరమ్మ కొడుకుని వెంటబెట్టుకుని రాజోలు వచ్చింది. సాలమోను మాస్టారు తెల్ల చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎబినేజర్ ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు, బడి పిల్లాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

"మా అమ్మాయి ఉద్యోగం మానదండీ" అన్నారు మాస్టారు ముందుగానే, సుందరమ్మతో.

"మానమన్నదెవరండీ? మా ఆయన కువైట్లో ఉన్న ఇన్నాళ్ళూ ఈ షెడ్డే నన్ను నిలబెట్టింది. పని ఉన్న ఆడది ఇంటికి ఎంత ధైర్యమో నాకు తెలుసండీ."

మాస్టారు తలాడించారు. తర్వాత ఎబినేజర్ వైపు తిరిగారు.

"నెలనెలా వారం రోజులు అమ్మాయి ఊళ్ళో ఉండదు బాబూ. నీకు కష్టం కాదా?"

గుమ్మం పక్కన నిలబడ్డ జాస్మిన్ ఒక అడుగు లోపలికి వేసింది.

"కష్టమేనండీ" అన్నాడు ఎబినేజర్. "వీలైనప్పుడు నేనూ వెళ్తానండీ. వీలవకపోతే ఎదురు చూస్తానండీ. కష్టంగానే ఉంటుందండీ. కానీ మానమని మాత్రం అడగనండీ."

మాస్టారు చొక్కా సర్దుకున్నారు.

"కష్టం లేదని చెప్పుంటే ఇంకో నాలుగు ప్రశ్నలు వేసేవాణ్ణి" అని లేచి నిలబడ్డారు. "ప్రార్థన చేసుకుందాం."

అందరూ లేచారు. హన్నా తడిచేతులతోనే వంటింట్లోంచి వచ్చి తలమీద కొంగు వేసుకుంది. మాస్టారు కళ్ళు మూసుకుని, తన పాఠం గొంతుతో, నిదానంగా మొదలుపెట్టారు. రెండు కుటుంబాల గురించి చెప్పారు. దూరాల గురించి చెప్పారు. షెడ్డులో ఎండే కొబ్బరి గురించి కూడా చెప్పారు.

జాస్మిన్ మెల్లగా ఒక కన్ను తెరిచింది. ఎదురుగా ఎబినేజర్ రెండు కళ్ళూ తెరిచి ఆమెనే చూస్తున్నాడు. ముఖమంతా నవ్వు.

మాస్టారి ప్రార్థన ఒక్క క్షణం ఆగింది.

"ఆమేన్ అనేదాకా కళ్ళు మూసుకోవాలి అల్లుడుగారూ."

సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎబినేజర్ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"ఆయ్."